సగం ఇస్పేటు రాణి

"ఫోను నా దగ్గరే ఉంటాది అప్పా. ఆపేసి జేబులో ఎట్టుకుంటాను. నీకేటి బాధ?"

"నిరుడు ఆపేసినదే కదా మోగింది. ఇచ్చి లోపలికెల్లు, లేదంటే ఇంటికెల్లు."

"నువ్వు నాకు అప్పవా, పోలీసువా?"

"పోలీసయితే లాఠీ సూపించి అడుగుతాడు. నాను నోటితో అడుగుతన్నాను. అదీ తేడా."

శృంగవరపుకోటలో ఓ కల్యాణమండపం గుమ్మంలో, పొద్దున్నే, నేనూ మా తమ్ముడూ ఇలా తగువులాడుకుంటుంటే వెనక వరసలో నిలబడ్డ పేకాట పెద్దమనుషులందరూ తమ తమ జేబుల మీద చేతులు వేసుకుని చూస్తున్నారు. వాడు ఇస్తే అందరూ ఇవ్వాలి, వాడు ఇవ్వకపోతే ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. చివరికి వాడు ఫోను నా చేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టాడు. నా చేతికి ఇస్తే ఓడిపోయినట్టవుతుందని కాబోలు.

చేతిఫోన్లు పెద్దవాళ్ల జేబుల్లోకి అప్పుడప్పుడే దిగుతున్న కాలం అది. నాకు అప్పటికే మనవలు పుట్టారు గానీ, మోకాళ్లు ఇంకా నా మాట వినేవి. అంచేత ఇప్పుడు తలచుకుంటే అది కూడా ఓ వయసేననిపిస్తుంది. ఆ రోజుల్లో మాట్లాడటానికి ఫోను వాడేవాళ్లు తక్కువ, మోగించి ఆపేసేవాళ్లు ఎక్కువ. (నేను అయితే ఎత్తి మాట్లాడిన పాపాన పోలేదు. పని జరుగుతున్నప్పుడు దండగెందుకు?) ప్రతి ఇంటికీ ఓ లెక్క ఉండేది. మా తమ్ముడింట్లో ఒకసారి మోగి ఆగితే అన్నం వడ్డించేశానని, రెండుసార్లు మోగి ఆగితే వచ్చేటప్పుడు మిల్లు నుంచి ఆవుకి తవుడు తెమ్మని. మా మరదలు ఈ రెండు ముక్కలతోనే సంసారమంతా నడిపించేది.

ఆ తవుడే కొంప ముంచింది. మా ఇంటాయనా, మా తమ్ముడూ ఏళ్ల తరబడి జోడీ. ఇద్దరిద్దరు జతగా ఎదురెదురు కూర్చుని ఆడే ఆట అది. ఏటా మా ఊరి క్లబ్బు పోటీ పెడుతుంది. డబ్బు పందెం ఉండదు, గెలిచిన జోడీకి చెరో పొందూరు కండువా కప్పుతారు. అంతకుముందు ఏడు ఆఖరి ఆటలో, గెలుపు ఇంకో రెండు ముక్కల్లో ఉందనగా, మా తమ్ముడి జేబులో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఎదుటి జోడీ ముక్కలు బోర్లా పెట్టేసి లేచిపోయారు. ఒకసారి మోగితే ఇస్పేటు, రెండుసార్లు మోగితే ఆటీను, బయటనుంచి ఎవరో చెబుతున్నారు అని వాళ్ల వాదన. అది తవుడు అని మా తమ్ముడు ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? అందరి ఇళ్లలోనూ ఏదో ఒక లెక్క ఉంది కదా. ఇద్దరినీ ఆటలోంచి తీసేశారు. మా ఆయన నలుగురి ముందూ, "నీ ఆవు తవుడుకి నా కండువా పోనాది. ఇంక నీతో ముక్క పట్టను," అన్నారు. మా తమ్ముడు, "ముక్క ఏటి బావ, నీ గుమ్మమే తొక్కను," అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. ఏడాదిగా వాడు మా ఇంటికి రాలేదు. దారిలో కనబడితే నన్ను పలకరిస్తాడు, బావ అన్న మాట మాత్రం నోట రానివ్వడు. ఈయనేమో పొద్దున్నే అరుగు మీద ఒక్కరే కూర్చుని ముక్కలు కలుపుకోవడం, పంచుకోవడం, మళ్లీ పోగు చేసుకోవడం. మగవాళ్ల అలక ఆడవాళ్ల అలకలాంటిది కాదు. మనం రెండు గిన్నెలు విసిరితే పోతుంది. వాళ్లది పోదు, అలా నానుతూ ఉంటుంది.

అందుకని ఈ ఏడు క్లబ్బు పెద్ద, లెక్కల మాస్టారు (రిటైరయినా ఆ పేరు పోలేదు), ఆటకి ఫోను నిషేధం అని ప్రకటించి, గుమ్మంలో కాపలా కూర్చోమని నన్ను అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. మళ్లీ ఏ ఫోనో మోగి, ఇంకో జోడీ విడిపోయి, ఇంకో ఇంట్లో ఇంకో మనిషి ఒక్కడే ముక్కలు పంచుకోకూడదు. అంతే నా ఉద్దేశం.

ఫోన్లు గుర్తుపట్టడానికి చీటీలు రాయమన్నారు మాస్టారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. చదవగలను గానీ, రాయమంటే ఒక్కో అక్షరానికి ఒక్కో అట్టు వేసి దింపొచ్చు. పోనీ ఇత్తడి బిళ్లలు కొంటామన్నారు. కొనడం అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో అరిగిపోయిన పేకలు ఉన్నాయి. రమ్మీకి రెండు పేకలు కలిపి ఆడి ఆడి, అంచులు మాసిపోయినవి. వాటిని కత్తెరతో అడ్డంగా, తిన్నగా, సగానికి కత్తిరించాను. ఒక సగం రబ్బరుబ్యాండుతో ఫోనుకి, రెండో సగం ఫోను యజమాని చేతికి. సగానికి సగం కలిస్తే ఫోను ఇస్తాను. మాస్టారు చూసి, మీ బుర్రకి దండం పెట్టాలమ్మా అన్నారు. నేను కూడా మనసులో ఓ దండం పెట్టుకున్నాను.

నాకు విసుగు తెప్పించడంలో ఆ రోజు పెద్దమనుషులు ఎవరికి వారే సాటి. మొదట మా ఆయనే. కట్టుకున్నవాడినే నమ్మవా అన్నారు. నమ్మకం వేరు, ఫోను వేరు అన్నాను. ఒకాయన, ఆపితే గడియారం తప్పిపోతుందని ఆపకుండా ఇచ్చాడు. ఇంకొకాయనకి ఆపడం రాదు, రాదని ఒప్పుకోవడమూ రాదు. కొత్తవలస నుంచి వచ్చిన రైల్వే ఆయన ఫోను ఇచ్చి బుద్ధిగా లోపలికి వెళ్తుంటే చేతిలో టిఫిను క్యారేజీ కూని రాగం తీసింది. మూత తీసి చూస్తే పులిహోర మీద అరిటాకు, ఆకు కింద కవరులో చుట్టిన రెండో ఫోను. "అది నాది కాదమ్మ, మా ఆవిడది," అన్నాడు. "అయితే మీ ఆవిడొచ్చి తీసుకుంటాది," అని అది కూడా పట్టుకున్నాను.

అన్నీ పెద్ద ఇడ్లీపాత్రలో వేసి మూతపెట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆట మొదలైందో లేదో పాత్రలో సంత మొదలైంది. ఒకటి సుప్రభాతం, ఒకటి కోడికూత, ఒకటి పసిపిల్ల నవ్వు. లోపలినుంచి మాస్టారు పరుగున వచ్చి, ఆటగాళ్ల చెవులన్నీ ఇటే ఉన్నాయమ్మా, ఎవరి ఫోనో వాళ్లు పోల్చుకుంటున్నారు అన్నారు. పాత బొంత తెప్పించి పాత్రకి చుట్టాను. అప్పుడు కోడి గొంతు పట్టేసినట్టు కూసింది. ఇంక లాభం లేదని పాత్ర, బొంత, నేనూ కలిసి పెరట్లో వంటచెరుకు పక్కకి మారాం. మిట్టమధ్యాహ్నం ఎండలో, బొంత కప్పిన పాత్రని వాటేసుకుని కూర్చున్న నన్ను చూసి వంటవాడు, లోపల ఏటి ఉడుకుతన్నాది అమ్మా, అని అడిగాడు. బొంత ఇంకాస్త బిగించాను.

ఇంత చేస్తే ఫలితం? లోపల ఒక్క ఫోనూ మోగలేదు, తగువూ రాలేదు. కానీ మా ఆయనా, మా తమ్ముడూ కొత్త జోడీలతో ఆడి, ఆఖరి ఆట దాకా రాకుండానే ఓడిపోయారు. ఒకరి ముక్క ఒకరికి కళ్లు చూస్తే తెలిసిపోయే మనుషులు, పరాయివాళ్ల కళ్లు చూసి ఏం ఆడతారు? కండువాలు కొత్తవలస వెళ్లిపోయాయి. (పులిహోర ఆయనకే. అదొక మంట.)

సాయంత్రం అందరూ ఒక్కసారి నా మీద పడ్డారు. ఒకరు బస్సంటారు, ఒకరు రైలంటారు. సగం ముక్క చూడటం, సగం కలపడం, ఫోను ఇవ్వడం. మా తమ్ముడు సగం ఇస్పేటు రాణి బల్ల మీద పెట్టాడు, పాత్రలో సగం ఇస్పేటు రాణి ఉన్న నల్ల ఫోను తీసి ఇచ్చాను. వెళ్లిపోయాడు. కాసేపటికి మా ఆయన వచ్చి సగం ముక్క ఇచ్చారు, అదీ ఇస్పేటు రాణే. పాత్రలో చూస్తే ఇంకో ఇస్పేటు రాణి, ఇంకో నల్ల ఫోను. రెండు పేకలు కలిపి కత్తిరిస్తే రాణులు ఇద్దరుంటారని, రాణిని అడ్డంగా కోస్తే పైసగమూ కింద సగమూ ఒకే ముఖమని నాకు అప్పుడు తట్టలేదు. ఫోన్లంటారా, అవి కవలలు. జోడీగా ఉన్న రోజుల్లో ఇద్దరూ విజయనగరంలో ఒకే కొట్లో ఒకే రకం కొన్నారు. రెండు కొంటే తగ్గిస్తాడని బేరమాడించింది నేనే. (ఈ రోజుకీ తప్పు నాదని ఒప్పుకోను. సగానికి సగం కలిసింది, ఇచ్చాను. తప్పు రాణిది.)

ఇంటికొచ్చాక ఆయన కాళ్లు కడుక్కుని అన్నం తిన్నారు. ఫోను ఛార్జింగుకి పెట్టి పడుకున్నారు. బొంత దులిపి ఆరేస్తూ, ఇంత కాపలా కాసి ఏం కాపాడాను అని నా మీద నాకే చిరాకు వేసింది. ఇప్పుడు మా మనవరాలు ఆ కథ చెప్పమని అడిగినప్పుడల్లా, పెరట్లో ఎండలో ఇడ్లీపాత్రని వాటేసుకుని, ప్రపంచాన్ని మోగకుండా ఆపేద్దామనుకున్న ఆ మనిషి కళ్లముందు మెదులుతుంది. పాపం అనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. తాళం గట్టిగా వేసినందుకు కాదు, ఒక్కచోట వదులుగా వేసినందుకే పని జరిగిందని ఆవిడకి ఎవరు చెప్పాలి?

మర్నాడు పొద్దున్న ఆయన అరుగు మీద ముక్కలు పంచుకుంటుంటే పక్కనున్న ఫోను మోగింది. తెర మీద ఇల్లు అని ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. ఇంటి నుంచి ఫోనేమిటని ఆయన తలెత్తి నన్ను చూశారు. నేను చీపురుతో ఎదురుగానే ఉన్నాను. ఎత్తేలోపు ఆగింది. మళ్లీ మోగింది, ఆగింది. ఇంక మోగలేదు.

ఆయన ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశారు. ముక్కలు సర్దారు. చొక్కా తొడుక్కుని సైకిలు తీశారు. ఎక్కడికని అడిగాను.

"మిల్లుకి," అన్నారు.

మనకి ఆవు లేదు కదా, మిల్లులో ఏం పని అన్నాను.

"రెండుసార్లు మోగింది కదే," అని వెళ్లిపోయారు.

తవుడు మూట మా తమ్ముడింట్లో దింపి, ఎండ ఎక్కే వేళకి తిరిగి వచ్చారు. సైకిలు మా తమ్ముడు తొక్కుతున్నాడు, ఈయన వెనక కూర్చున్నారు, చొక్కా నిండా తవుడు. వాడు సైకిలు గోడకి ఆనించి, గుమ్మంలో చెప్పులు విప్పి, ఈయన ఫోను నా చేతికి ఇచ్చాడు. నేను లోపలికి వెళ్లి, కడిగిన బియ్యంలో ఇంకో డబ్బాడు కలిపాను.