మైకు బంద్ వెట్టుకున్న చెల్లె

సిద్దిపేట లైబ్రరీల నేను కొలువుకు ఎక్కినప్పుడు కంప్యూటర్ అంటే ఆఫీసు గదిల గుడ్డ కప్పి పెట్టే వస్తువు. పుస్తకాల లెక్క, పాఠకుల లెక్క అన్నీ రిజిస్టర్లల్లనే. గట్లనే ఏండ్లు గడిచినయి. కరోనా అయిపోయినంక కొత్త ఆఫీసర్ సారు వచ్చి, మన లైబ్రరీల పుస్తకాలన్ని ఒక్కటే ఆన్‌లైన్ షీట్ల ఎక్కియ్యాలె అన్నడు. సిద్దిపేటల నేను, దుబ్బాకల ఒకాయన, చేర్యాలల ఒకామె, ఇట్ల అందరం ఒకటే షీటు తెరిచి ఎవరి పుస్తకాలు వాళ్లు రాయాలె. ఒకరు రాసింది ఇంకొకరికి అప్పటికప్పుడే కనవడ్తది. నెలనెలా సిద్దిపేటల పెట్టే మీటింగు కూడ ఇగ ఉండది, శనివారం పూట వీడియోల కలుసుకుందాం అన్నడు.

చేర్యాల లైబ్రరీ చూసుకునే ఆమె నాకంటే చిన్నది. నన్ను అక్కా అంటది, నేను చెల్లె అంట. సుట్టరికమేం లేదు. నెల మీటింగుకు బస్సుల వచ్చినప్పుడల్లా నా గదిలనే టిఫిన్ డబ్బా ఇప్పేది. నా కూర ఆమె తినేది, ఆమె తెచ్చిన సర్వపిండి నేను తినేది. ఆమె గొంతు పెద్దది. నవ్విందంటే రీడింగు హాల్ల పేపర్ చదివే పెద్దమనుషులు అద్దాలు సవరించుకొని మా దిక్కు చూసేటోళ్లు. చేర్యాలల ఆదివారం పూట పిల్లల్ని కూసోవెట్టుకొని కథలు చదివేది. ఒకపారి నేనూ పోయి విన్న. నక్క మాట్లాడితే నక్క లెక్క, ముసలవ్వ మాట్లాడితే ముసలవ్వ లెక్క. పిల్లల్ని తోలుకపోనీకె వచ్చిన తల్లులు కూడ కథ అయిపోయేదాక తలుపు కాడ కడప మీదనే నిలవడ్డరు.

షీటు నాకు సమజ్ కాలె. మొదటి దినమే దుబ్బాకాయన రాసుకున్న వరుసల మీద నా పుస్తకాలు రాసేసిన. చెల్లెకు ఫోన్ చేసిన.

"అక్కా, భయపడకు. పైన ఎడమ దిక్కు వంకర తిరిగిన బాణం ఉన్నది చూడు. గది ఒత్తు."

"రెండు బాణాలు కనవడ్తున్నయి."

"ఎడమ దిక్కుదక్కా. నువ్వు ఏ చేత్తోటి అన్నం తింటవో ఆ దిక్కుది కాదు."

ఒత్తిన. పోయిన పుస్తకాలన్ని మళ్ల వచ్చినయి. ఆమె అవుతల నవ్వుతనే ఉన్నది. నేను కూసున్న కుర్చీలకెల్లి లేవబుద్ధి కాలె, అంత నిమ్మళమైంది.

అప్పటిసంది పగటీలి అన్నం తిన్నంక, హాల్ల మంది పలుచబడ్డప్పుడు, ఆమెకు ఫోన్ చేసుడు అలవాటైంది. వరుసకు రంగేసుడు, పక్కన చిన్న డబ్బల మాట రాసుడు, ఫైలు పంచుకునుడు, మాట్లాడనప్పుడు మైకు బంద్ వెట్టుడు, అన్ని ఆమెనే నేర్పింది. షీటు ముచ్చట జరంత, మిగిలిందంత ఇంటి ముచ్చట. ఆమె బిడ్డ చదువు, నా మోకాళ్ల నొప్పులు, ఈ ఏడు మామిడికాయ తొక్కు ఎట్ల కుదిరింది. ఎన్నిసార్లు అడిగినా చెప్పిందే మళ్ల చెప్పేది. ఒక్కనాడు కూడ ఇసుక్కోలె.

కొన్ని నెలలకు నాకు మంచిగనే వచ్చేసింది. సారు మీటింగుల నా పేరు తీసి మెచ్చుకున్నడు. దుబ్బాకాయన, చిన్నకోడూరు లైబ్రరీ ఆయన నాకే ఫోన్ చేసి అడుగుడు షురూ చేసిన్రు. చెప్పొద్దూ, లోపల గర్వంగనే ఉండె. ఇగ చెల్లెకు ఫోన్ చేసే పని పడలె. ఏదన్న డౌటొస్తే షీట్ల ఆ వరుస పక్కనే రాసేదాన్ని, ఆమె కిందనే జవాబు రాసేది. "చూసిన అక్కా." "సరిచేసిన అక్కా." వెనకట అర్ధగంట పట్టే ముచ్చట అరనిమిషంల అయిపోతుండె. ఎంత టైము కలిసొచ్చింది అనుకున్న. ఆ కలిసొచ్చిన టైముల నేనేం చేసిన్నో ఇప్పుడు ఎంత యాది చేసుకున్నా యాదికి వస్తలేదు.

శనివారం మీటింగులల్ల ఆమె బొమ్మ కనవడుడు బందయింది. నల్ల డబ్బల పేరొక్కటే. ఏదన్న అడిగితే మాట్లాడకపోయేది, కింద టైపు చేసేది. షీట్ల మాత్రం రోజు ఆమె పేరు ఒక వరుసకెల్లి ఇంకో వరుసకు జరుగుతనే ఉండె. పేరు కదులుతుంటే మనిషి మంచిగున్నట్టే కదా అనుకున్న. అసల్ గట్ల అనుకున్నట్టు కూడ నాకు ఎరుక లేదు.

ఒక శనివారం చేర్యాల పుస్తకాలు కొన్ని రెండు తాన్ల ఎక్కినయని పంచాయితి వచ్చింది. ఆమె మెల్లమెల్లగ టైపు చేస్తుంది, అందరం చూస్తున్నం. సారు ఎదురు చూస్తుండు. నాకు ఇసుగొచ్చింది.

"మైకు ఆన్ చేసి చెప్పు చెల్లె! గిట్ల ఒక్కొక్క అక్షరం కొట్టుకుంట కూసుంటే తెల్లారుతది" అన్న, అందరి ముంగట.

కింద టైపు చేసిన మాట వచ్చింది. "మైకు పని చేస్తలేదు అక్కా."

"రిపేరు చేయించుకోవాలె మరి" అన్న.

ఆ తర్వాత కొద్దిరోజులకు షీట్ల సగం వరుసలు కనవడకుంట పోయినయి. ఏదో తప్పు ఒత్తి దాచిపెట్టినట్టున్న. రాసి అడిగేంత ఓపిక లేక, శాన దినాలకు చెల్లెకు ఫోన్ చేసిన. వాళ్లాయన ఎత్తిండు.

"చెల్లెకు ఇయ్యి తమ్మీ, ఒక మాట అడగాలె."

"ఆమె మాట్లాడలేదు గదక్కా. గొంతుల గడ్డయితే పట్నం దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. పానం దక్కింది, గొంతు పోయింది. మీకు తెల్వదా? మీరు రోజు కలిసే పని చేస్తరు గదా."

ఫోన్ పెట్టేసినంక ఆయన చెప్పిన తారీకులు లెక్కేసుకుంటే, ఆమె దవాఖానల పండుకున్న దినాలల్ల కూడ షీట్ల ఆమె పేరు ఉండె. మంచం మీదికెల్లి ఫోన్ల రాసింది.

మర్నాడు సెలవు పెట్టి చేర్యాల బస్సెక్కిన. లైబ్రరీల బల్ల ముంగట కూసోని ఉన్నది. చిక్కింది. మెడకు పలుచటి గుడ్డ చుట్టుకున్నది. నన్ను చూడంగనే లేచి రెండు చేతులు పట్టుకున్నది. నోరు కదిలింది, గాలి తప్ప ఏం రాలె. ఫోన్ తీసి రాసి చూపెట్టింది. "ఎండల ఎందుకొచ్చినవక్కా."

నేను కూడ నా ఫోన్ తీసి టైపు చేయబోయిన. ఆమె నా చెయ్యి పట్టి ఆపి, చెవి దిక్కు వేలు చూపెట్టి నవ్వింది. చెవులు మంచిగనే ఉన్నయి, నువ్వు నోటితోటే మాట్లాడు అని. నవ్వు అదే నవ్వు, చప్పుడు లేదు. నాకు ఏడుపు ఆగలె.

"నాకొక్క మాట చెప్పకపోతివి చెల్లె. అందరి ముంగట గన్ని మాటలు అంటి."

ఆమె శానసేపు రాసింది. ఫోన్ నా చేతికిచ్చింది. "ఇంట్ల, బజార్ల అందరు నన్ను చూసి అయ్యో అంటరు. షీట్ల ఎవ్వరు అనరు. అక్కడ నేను పాత మనిషినే. నువ్వు తిట్టిన దినం నాకు సంతోషమైంది. మంచిగున్నోళ్లనే గదక్కా తిడ్తరు."

అది చదివినంక నాకు నిమ్మళం కావాలె. కాలె.

ఆదివారం కథల సంగతి అడిగిన. తల అడ్డం ఊపింది. కొంతమంది పిల్లలు కొన్ని వారాలు వచ్చి చూసిపోయిన్రట. తర్వాత రాలేదట.

ఆమె గొంతు ఎక్కడన్న మిగిలిందేమో అని నేను ఎతికిన. మీటింగుల రికార్డింగులు తెరిచిన, మొదటియి ఎప్పుడో పోయినయి, మిగిలినయన్నిట్ల నల్ల డబ్బనే. ఫోన్ల పంపిన వాయిస్ మెసేజులు జాగ సరిపోక ఎప్పుడో నేనే తీసేసిన.

సారును బతిమిలాడి ఒకపారి అందర్ని సిద్దిపేటకు పిలిపిచ్చిన. ఆమె వచ్చింది. అందరు ఆమెతోటి గట్టిగట్టిగ మాట్లాడిన్రు, చెవులే పోయినట్టు. ఇద్దరు ముగ్గురు మెడ దిక్కే చూసిన్రు. పగటీలి బస్సుకే ఎల్లిపోయింది. నేను బస్టాండు దాక పోయిన. కిటికీలకెల్లి చెయ్యి ఊపింది, ఏం రాయలె. ఆ తర్వాత శనివారం వీడియో మీటింగుకు అందరికంటే ముందు ఆమెనే వచ్చింది.

నెలకొకపారన్న చేర్యాల పోవాలని అనుకున్న. మొదట్ల పోయిన. తర్వాత మోకాళ్లు, ఆఫీసు పని, ఏదో ఒకటి. ఇప్పుడు నేను కూడ ఆమెను ఎక్కువ షీట్లనే పలకరిస్తున్న. తిన్నవా చెల్లె అని వరుస పక్కన రాస్త. తిన్న అక్కా అని వస్తది. ఏం తిన్నదో అడగాలని ఉంటది. అంతల్నే సారు ఇంకేదో అడుగుతడు, ఆమె పేరు ఇంకో వరుసకు జరిగిపోతది.