ఉలవలు పరిచిన రోడ్డు

ఈ ఉదయం మదనపల్లె నుంచి కుప్పానికి, మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థానికి బయలుదేరాం. మా తమ్ముడి కొత్త కారు. తీసుకెళ్లాల్సిన స్వీటు డబ్బాలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకునేసరికి నావల్లే అరగంట ఆలస్యమైంది. "ముహూర్తం దాటిపోతాది, రవ్వంత బిరీన పోనీ అప్పా" అన్నదీ నేనే.

పుంగనూరు దాటాక స్పీడు చూస్తే నూట ముప్పై. అద్దాలు మూసి ఉన్నాయి, చప్పుడు లేదు, కుదుపు లేదు. ఇంట్లో కూర్చున్నంత సుఖంగా కమలాపండు ఒలుచుకుంటున్నాను.

మలుపు తిరగగానే సగం రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. బండ్లు తొక్కితే గింజలు రాలతాయని మా వైపు రైతులు అలాగే వేస్తారు. ఒకామె మాకు వీపు పెట్టి వాటిని తిరగేస్తోంది. తమ్ముడు బ్రేకు వేశాడు. ఉలవల మీద కారు జారింది. ఆమె కొంగు నా పక్క అద్దాన్ని రాసుకుంటూ వెళ్లింది.

కారు ఆగాక తమ్ముడు అద్దం దించి అరిచాడు. "రోడ్డు మీద యాల పరిసినావమ్మా?"

ఆమె నింపాదిగా దగ్గరికొచ్చింది. "బండ్లు ఉలవల్ని తొక్కతాయని పరిసినానప్పా. నన్ను తొక్కమన్లేదు గదా!"

అక్కడి నుంచి నెమ్మదిగానే వెళ్లాం. అయినా ముహూర్తానికి పది నిమిషాల ముందే చేరాం. ఆ పది నిమిషాలూ నేను కారు దిగలేకపోయాను. ఇప్పుడు కళ్లు మూసినా ఆ కొంగు అద్దానికి తగులుతూనే ఉంది.

తొందరపెట్టి మిగుల్చుకున్న సమయాన్ని మీలో ఎవరైనా హాయిగా గడిపారా? ఉంటే చెప్పండి.