బావా బావమరుదులూ ఒక పిస్తోలూ

మా ఆయన పిస్తోలు కొనాలనుకున్న ఏడాది మా ఇంట్లో ఇంకే పెద్ద వస్తువూ కొనలేదు. కొనే తీరిక ఎవరికీ లేదు. డిట్రాయిట్ పక్కన నోవైలో మా కాపురం. ఆయన కార్ల బ్రేకులు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. ఏదైనా పాడైతే అసలు కారణం ఎక్కడుందో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఆయన కళ్లజోడు ఎక్కడుందో పట్టుకోవడం నా ఉద్యోగం.

ఆఫీసులో ఆయనతో కలిసి లంచ్ తినే అమెరికన్ ఒకాయన ఓ శనివారం షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి, చేతిలో నైన్టీన్ ఎలెవెన్ అనే పిస్తోలు పెట్టాడు. నూరేళ్లు దాటిన నమూనా అది, ఇప్పటికీ దాదాపు అలాగే చేస్తున్నారు. ఒక్కసారి మీట నొక్కితే తూటా పేలి, దాని ఖాళీ డొల్ల బయట పడి, తరవాతి తూటా దానంతటదే లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు ఇంటికొచ్చి గోంగూర అన్నం కలుపుకుంటూ మధ్యలో ఆగిపోయి, ఎంత బాగా ఆలోచించాడో అన్నాడు. ఎవరని అడిగాను. దాన్ని కనిపెట్టినవాడట. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది, నా గోంగూర గురించి ఒక్కసారీ అలా చెయ్యి ఆపి మాట్లాడలేదు.

అయినా నేను అడ్డుపడలేదు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది, ఇంట్లో ఉండేది ఇద్దరం. బేస్‌మెంట్‌లో నేలకి బిగించిన ఇనప్పెట్టె ఉండాలి, తూటాలు వేరే చోట పెట్టాలి, పెట్టె నంబరు నాకూ తెలియాలి అన్నాను. అన్నిటికీ తలూపాడు. ఇక తేలాల్సింది ఏ కంపెనీది అన్నదే. పేటెంటు ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆ నమూనా ఎవరైనా చేసుకోవచ్చు. ఆవకాయలాగే, అందరూ పెట్టేది ఒకటే, ఎవరిది వాళ్లకే అసలుది. వడపోయగా వడపోయగా రెండు కంపెనీలు మిగిలాయి. ఒకటి పాత పేరున్నది. దాని ముక్కలు కాస్త వదులుగా ఉంటాయి, మట్టిలో పడేసినా పనిచేస్తుందంటారు. రెండోది తరవాత వచ్చింది. ముక్కలన్నీ బిగువుగా కూర్చి ఉంటాయి, గురి తప్పదంటారు. మా ఆయన ఎక్సెల్ షీట్ తెరిచి ఇరవై మూడు కాలమ్‌లు వేశాడు. ఎన్నిసార్లు కూడినా రెండూ సమానంగానే వచ్చేవి. సమానంగా వచ్చినప్పుడల్లా ఇంకో కాలమ్ వేసేవాడు.

అప్పుడు మా తమ్ముడు దిగాడు. నాకున్నది వాడొక్కడే. షికాగో దగ్గర అరోరాలో ఉంటాడు, వాడి దగ్గర ఆ రెండో కంపెనీ పిస్తోలు అప్పటికే ఉంది. వాడూ మా ఆయనా ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకోకుండా ఫోన్ పెట్టేశారంటే ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. రోజూ సాయంత్రం ఆఫీసు అవగానే స్పీకర్ మీద మొదలుపెట్టేవారు. నేను కూర తరుగుతూ వినేదాన్ని.

"బావా, అక్కని చూడ్డానికొచ్చి గంటలో ఓకే చేశావు కదా. దీనికి ఎనిమిది నెలలా?"

"అప్పుడు నాకు ఎక్సెల్ రాదు రా."

చివరికి వాడి మాటే నెగ్గింది. బిగువైనదే కొన్నారు. ఇంటికి తెచ్చిన రోజే మా ఆయన వీడియో చూసుకుంటూ దాన్ని విప్పబోయాడు. గొట్టం కింద ఒక స్ప్రింగూ దాని మీద చిన్న మూతా ఉంటాయి. వేలు జారితే ఆ మూత ఎగురుతుందని వీడియోలో చెప్పనే చెప్పారట. ఎగిరి సీలింగ్‌కి కొట్టుకుంది. ఆ సొట్ట కింద ఇప్పుడు ఫ్యాను పెట్టించుకున్నాం. ఆ తరవాత ఆయన దాన్ని మళ్లీ విప్పలేదు, పైపైన గుడ్డతో తుడిచేవాడు. ఈ సంగతి మా తమ్ముడికి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

దసరా వచ్చింది. మేము ఏటా ఆయుధ పూజ చేస్తాం. లాప్‌టాప్‌లు, కారు తాళాలు, ఎయిర్ ఫ్రయర్ అన్నీ దేవుడి ముందుకి వస్తాయి. గరాజ్‌లో మంచు ఊడ్చే మిషన్‌కి నేనే వెళ్లి బొట్టు పెట్టి వస్తాను. ఆ ఏడు నిజమైన ఆయుధమే ఇంట్లో ఉందని మా ఆయనకి మహా సంబరం. జాగ్రత్తలో ఆయనకి ఎదురులేదు. తూటాల అర తీసేసి, పైభాగాన్ని వెనక్కి లాగి, లోపల ఖాళీ అని ఎవరికైనా కనపడేలా బార్లా తెరిచి పళ్లెంలో పెట్టాడు. ఎవరికైనా అంటే నాకే. పూజ నాది. గంధం, కుంకుమ, నెయ్యీ పసుపూ కలిపిన అక్షింతలు. నా చెయ్యి కాస్త పెద్దదని మా అత్తగారు కూడా అనేవారు. హారతి అయ్యాక ఆయన పైపైన తుడిచి తీసుకెళ్లి పెట్టెలో దాచాడు.

రెండు వారాలకి రేంజ్‌కి వెళ్తే పిస్తోలు పనిచేయలేదు. తూటా లోపలికి వెళ్తుంది గాని, పైభాగం పూర్తిగా మూసుకోవడం లేదు, ఆఖరి పావు అంగుళం దగ్గర ఆగిపోతుంది. రేంజ్‌లో ఉండే మనిషి చూసి, దీన్ని కాల్చకు, తుపాకులు బాగుచేసేవాడికి చూపించు అన్నాడట. మా ఆయన చూపించలేదు. పన్నెండేళ్లుగా బ్రేకుల్లో అసలు కారణాలు వెతికి నెలల తరబడి రిపోర్టులు రాసే మనిషి, ఇక్కడ పార్కింగ్ లాట్‌కి నడిచి వచ్చే లోపల కారణం కనిపెట్టేశాడు. మా తమ్ముడు.

ఫోన్‌లో మొదట అంతా మామూలు ఎకసెక్కంలాగే నడిచిందట. బిగువు బిగువు అని అంటగట్టావు అని ఈయన. ఐదువందల తూటాలు కాలిస్తే గాని అది కుదురుకోదు, నూనె పెట్టడం నీకు చేతకాదు అని వాడు. విప్పడమే మానేసిన మనిషికి నూనె మాట ఎక్కడో గుచ్చుకుంది. వాడు ఆ రోజుల్లోనే అరోరాలో కొత్త ఇల్లు కొంటున్నాడు. నీ మాట విని కొనడం నాదే బుద్ధి తక్కువ, నువ్వు కొనే ఇల్లు కూడా ఇలాగే ఏడుస్తుంది చూసుకో అన్నాడు మా ఆయన. కొత్తింటి గురించి అనకూడని మాట. వాడు ఫోన్ పెట్టేశాడు.

దీపావళికి ఫోన్ రాలేదు. థాంక్స్‌గివింగ్‌కి రాలేదు. మా ఇంట్లో సాయంత్రాలు ఎంత నిశ్శబ్దంగా ఉండేవంటే కుక్కర్ విజిల్ వస్తే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. మగవాళ్ల గొడవ, వాళ్లే కలుస్తారులే అనుకున్నాను. మా ఆయన ముఖం మీద ఫోన్ పెట్టేశాడని నాకూ వాడి మీద కాస్త కోపమే. పిస్తోలు మాత్రం ఇనప్పెట్టెలో హాయిగా ఉంది.

మాఘమాసంలో వాడి గృహప్రవేశం కార్డు వచ్చింది. వాట్సాప్‌లో. పైన వినాయకుడు, కింద అడ్రసు, సకుటుంబ సపరివారంగా రమ్మని అందరికీ రాసే రెండు లైన్లు. వాడి ఆఫీసులో వాళ్లకీ అదే వెళ్లి ఉంటుంది. ఆడపడుచుని ఫోన్ చేసి పిలవకుండా మా వాళ్లలో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు. నేను ఆ కార్డుని వేళ్లతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, నా పేరు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. తరవాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మా అమ్మానాన్నా లేరు. నాకు పుట్టిల్లంటే అరోరాలో ఉన్నదే.

బయటికొచ్చి మా ఆయనతో గట్టిగా చెప్పాను. ఈ శనివారం దాన్ని బాగుచేయించాలి, తప్పు కంపెనీదో నీదో మా తమ్ముడిదో తేలాలి, తేలకపోయినా గృహప్రవేశానికి నేను వెళ్తాను, నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే కారు తోలుకుంటూ వెళ్తాను అన్నాను. మంచులో ఐదు గంటల డ్రైవ్ నేను ఒక్కదాన్నే చేస్తాననేసరికి ఆయన భయపడ్డాడు. కారు కోసమే అనుకుంటాను.

తుపాకులు బాగుచేసే మనిషి కొట్టు మా ఊరికి పడమరగా అరగంట దూరం. పెద్దాయన, మెడలో రెండు కళ్లజోళ్లు. మా ఆయన బిగువు గురించి, కంపెనీల గురించి పది నిమిషాలు ఉపన్యసించాడు. పెద్దాయన వింటూ వింటూనే దాన్ని నాలుగు ముక్కలుగా విప్పేశాడు. ఆ మూత ఎగరలేదు. గొట్టం లోపలికి లైటు వేసి చూసి, ఇత్తడి బ్రష్ పెట్టి తిప్పి, బల్ల మీది తెల్లకాగితం మీద గొట్టాన్ని తట్టాడు. పచ్చటి పొడి రాలింది, గంధం పెచ్చులు రాలాయి. తరవాత చిన్న పట్టకారుతో గాడిలోంచి ఏదో లాగి కాగితం మీద పెట్టాడు. సగం విరిగిన బియ్యపు గింజ.

ముగ్గురం వంగి చూశాం. మా ఆయన అంగుళం అంగుళంగా తల తిప్పి నా వైపు చూశాడు. ఇలాంటివాటిలో ఇసుక చూశాను, జేబులో దారాలు చూశాను, బబుల్‌గమ్ కూడా చూశాను గాని బియ్యం ఎప్పుడూ చూడలేదని పెద్దాయన అన్నాడు. అది నా పనే అని ఇంగ్లిష్‌లో ఒప్పుకున్నాను. ఎందుకు వేశావని అడిగితే ఆశీర్వాదం అని చెప్పాను. ఆయన, ఈసారి మూసిపెట్టి ఆశీర్వదించమన్నాడు. పిస్తోలులో ఏ లోపమూ లేదట, చాలా మంచి కంపెనీదట.

కార్లోకి వచ్చి కూర్చున్నాక మా ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. తాళం తిప్పి, హీటర్ వేసి, అద్దం మీది మంచు తుడిచాడు. తరవాత, ఫోన్ నువ్వే చెయ్యి, నాకు మొహం చెల్లట్లేదు అన్నాడు. చేశాను. కారులో స్పీకర్లలో మోగింది. రెండో రింగ్‌కే ఎత్తాడు. పసుపు, గంధం, నెయ్యి, బియ్యపు గింజ, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. సీలింగ్ సంగతి కూడా చెప్పేశాను. ఒట్టు సంగతి తరవాత చూసుకోవచ్చనిపించింది.

వాడు నవ్వాడు. అంత నవ్వు విని నాలుగు నెలలైంది. మా ఆయన ముందుకి వంగి, తప్పు నాదే రా, ఇంటి గురించి అలా అనకూడదు, ఏమనుకోకు అన్నాడు. వాడు, నీ తిట్లు నాకేమన్నా కొత్తా బావా అన్నాడు. ఇంక అంతా అయిపోయిందని సీటు బెల్టు లాక్కుంటున్నాను.

"అక్కా, బావ నాతో మాట్లాడలేదంటే పిస్టల్ పాడైంది కాబట్టి. నువ్వెందుకు మాట్లాడలేదు?"

నా దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి. నాలుగు నెలలుగా రోజూ నాకు నేను చెప్పుకుంటున్నవే. ఫోన్ చేసి పిలవకుండా కార్డు మొహాన కొడతావా అని అడుగుదామనుకున్నాను, దానికి ముందు నేనేం చేశానని వాడు అడిగితే చెప్పడానికేం లేదు. నువ్వే చేస్తావని చూశాను రా అన్నాను చివరికి.

"నేనూ అంతే. కార్డు అలా పంపితే తిట్టడానికైనా చేస్తావనుకున్నాను. తిట్టను కూడా తిట్టలేదు నువ్వు."

మా ఆయన హీటర్ చప్పుడు తగ్గించి కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను కొంగు లేని జాకెట్‌తో కళ్లు తుడుచుకుని, తిట్టడం మొదలుపెట్టాను. ఆడపడుచుని వాట్సాప్‌లో పిలిచే మొనగాడివి నువ్వొక్కడివే అన్నాను. అమ్మ ఉంటే చెవి మెలేసేది అన్నాను. పాలు పొంగించడానికి గిన్నె ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎవర్నడిగి కొన్నారు అని నిలదీశాను. ఎక్కడైనా ఆపితే వాడు, ఇంకా అను అక్కా అన్నాడు.