సోఫా బోణీ

మా దుకాణం సాబ్‌ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. భద్రాచలంలో వెదురు సోఫాలు, అడవి తేనె అమ్మే ఆయనకు ఇంటర్నెట్‌లో ప్రకటనలు నడిపింది నేనే.

రోజూ ఒక సోఫా అమ్ముడైనట్టు ప్రకటనల రిపోర్టు చూపించేది. గోడౌన్‌లో సోఫాలు మాత్రం కదిలేవి కావు. సోఫాలకే గిరాకీ ఉందని ఆ రిపోర్టు నమ్మి ఆయన తేనె ప్రకటన ఆపించాడు. చర్ల నుంచి తేనె తెచ్చి ఆయనకు అమ్మే ఒక అక్కను డబ్బాతో సహా వెనక్కి పంపేశాడు.

రిపోర్టు తయారుచేసే కోడ్ అంతా వెతికినా తప్పు దొరకలేదు. ఒక పొద్దున ఆయన పక్కనే కూర్చున్నాను. దుకాణం తెరవగానే కీబోర్డును కళ్లకద్దుకుని, తన ప్రకటన మీద తానే నొక్కి, సోఫా ఆర్డరిచ్చి, వెంటనే రద్దు చేశాడు.

"ఏంది సాబ్ ఇది?"

"బోణీ బేటా. నా చేతితోటి కాకుంటే దుకాణం నడుస్తదా?"

"మీరు రద్దు చేసింది రిపోర్టుకు తెల్వది సాబ్! అమ్ముడైందనే రాసుకుంటది. మీ బోణీకే ఆ అక్క తేనె వాపసు పోయింది!" అని అరిచాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అవ్, పాపం. రేపటి సంది తేనెతోటి చేస్త తియ్."

చేశాడు కూడా. తేనె ప్రకటన మళ్లీ మొదలైంది, అక్క మళ్లీ వచ్చింది. రిపోర్టు మాత్రం అంతే తప్పు, ఇప్పుడు రోజూ తేనె అమ్ముడైనట్టు చూపించేది. సరిచేద్దామని కూర్చున్నప్పుడల్లా వెనక్కి పోయిన ఆమె డబ్బా గుర్తొచ్చేది. పళ్లు కొరుక్కుంటూ లేచిపోయేవాణ్ని.