మమత మాట నా నోట

ఇన్నేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని బతికాను. అది మింగుడుపడేది కాదు, బయటికీ వచ్చేది కాదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈ మాత్రం ధైర్యం వచ్చిందేమో.

నేను చేస్తున్న ఉద్యోగం నాకు రావలసింది కాదు. దొంగ సర్టిఫికెట్లు పెట్టలేదు, లంచం ఇవ్వలేదు. ఇంకొక అమ్మాయి పడ్డ కష్టాన్ని నా కష్టమని చెప్పి తెచ్చుకున్నాను.

అప్పుడు కరీంనగర్‌లో, బస్టాండుకు దగ్గర్లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో ఉండేదాన్ని. మాది సుల్తానాబాద్ పక్కన పల్లె, వరి పండించే ఇల్లు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం చూసుకుంటానని వచ్చాను. అన్న దుబాయిలో ఉండి నా ఖర్చులు చూసేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా ‘ఏమన్న తెలిసిందా?’ అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు భయపడి ఫోన్ ఎత్తని రోజులున్నాయి.

నా గదిలోనే మమత ఉండేది. సిరిసిల్ల అమ్మాయి. వాళ్లింట్లో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిచేవి. మెల్లగా మాట్లాడేది, ఎవరేం చెప్పినా తల వంచి శ్రద్ధగా వినేది.

హాస్టల్‌లో ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. చాలా ఇంటర్వ్యూలకు వెళ్లి ఉండటమే నా అర్హత. వాటిలో ఒక్క ఉద్యోగమూ రాలేదన్న సంగతి ఎందుకో ఎవరికీ పట్టలేదు. అడిగి లోపలికి వెళ్లు, కూర్చోమన్నాకే కూర్చో, ప్రశ్న అడిగినవాళ్ల ముఖం చూసి జవాబు చెప్పు, తెలియకపోతే తెలియదని ఒప్పుకో, కొత్త చెప్పులు వేసుకుని కుంటుకుంటూ వెళ్లకు. ఇలాంటివి చెప్పేదాన్ని. మంచి మాటలే. విని వెళ్లిన ఒకరిద్దరికి ఉద్యోగాలూ వచ్చాయి. అందుకే మమత నన్ను నమ్మింది.

ఒక బట్టల కంపెనీ వాళ్లు సూపర్‌వైజర్ పనికి ఒక్కరినే తీసుకుంటామన్నారు. మా ఇద్దరికీ పిలుపు వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం మమత నా మంచం మీద కూర్చుని అడిగింది.

“పెద్ద కష్టం ఏమొచ్చింది, ఎట్ల దాటినవ్ అని అడుగుతరట గదనే. మా సాంచెల ముచ్చట చెప్పనా?”

చెప్పు చూద్దామన్నాను. చెప్పింది. వాళ్ల బాపు స్కూటర్ మీద నుంచి పడి చెయ్యి విరిగింది. ఒప్పుకున్న బట్ట ఇంకా సగం కూడా కాలేదు. వాళ్లమ్మా తనూ కలిసి సాంచెలు నడిపారు. పోగులు తెగుతూనే ఉన్నాయి. నూలు ఇచ్చిన ఆసామి, ఆడోళ్లకు చేతకాదు, నూలు వాపసు తీసుకుపోతానన్నాడు. మమత తెగిన పోగులన్నీ గుప్పిట్లో పట్టుకుని అతని కొట్టుకు పోయి, అంతకుముందు ఇచ్చిన నూలు పక్కన పెట్టి, రెండూ లాగి చూపించింది. తప్పు చేతిది కాదు, నూలుది అని నలుగురి ముందూ ఒప్పించింది. వేరే నూలు తెచ్చి, అనుకున్న నాటికి బట్ట దింపింది.

ఆమె చెబుతుంటే నాకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఈ మాట చెబితే ఉద్యోగం ఆమెదే. నా దగ్గర ఇలాంటి మాట ఒక్కటీ లేదు.

“వద్దే” అన్నాను. “గివన్ని చెప్తే కూలి పనోళ్లనుకుంటరు. నవ్వుతరు. కాలేజీల ప్రాజెక్టు చేసినవు గద, గది చెప్పు.”

“అంతేనంటవా?”

“నా మాట విను.”

విన్నది. సాయంత్రమంతా ఆ ప్రాజెక్టు ముచ్చటే బట్టీ పట్టింది. తప్పులు నేనే దిద్దాను.

ఆమె మాటను వాడుకోవాలని అప్పుడే అనుకున్నానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. లేదనే చెప్పుకున్నాను, ఆమెను వెనక్కి లాగడం వరకే అనుకున్నానని, తర్వాతది దానంతటదే జరిగిందని. కానీ మనసులో ఎక్కడా లేని మాట ఒక్క తడబాటు కూడా లేకుండా నోట్లోంచి ఎలా వస్తుంది?

మరునాడు చాలామంది వచ్చారు, మమత కంటే నన్ను ముందు పిలిచారు. ఇద్దరు మగవాళ్లు, మధ్యలో ఒక మేడమ్. మేడమ్ అదే ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచాను. మా మేనమామకు సాంచెలున్నాయన్నాను. చెయ్యి విరిగిందన్నాను. గుప్పిట్లో పోగులు పట్టుకుని వెళ్లానన్నాను. చెబుతూ గుప్పిట కూడా మూశాను. మేడమ్ రాయడం ఆపి నా వైపు చూసింది. నా జన్మలో నన్ను ఎవరూ అంత గౌరవంగా చూడలేదు.

మరో ఇద్దరి తర్వాత మమత వెళ్లింది. బయటికి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర నిలబడి జరిగింది చెప్పింది. ప్రాజెక్టు గురించి చెబుతుంటే మధ్యలో మరిచిపోయిందట. మేడమ్ జాలిపడి, బట్టీ పట్టింది వద్దు, నీ సొంతది ఏదైనా చెప్పమన్నదట. సాంచెల ముచ్చట చెప్పిందట.

“ఇదే కథ ఇప్పుడే విన్నం, మీరంత ఒక్క దగ్గరనే నేర్చుకొని వస్తున్నరా అన్నరే. అబద్ధం చెప్తున్ననుకున్నరు.”

ఇప్పుడు తెలిసిపోతుంది అనుకున్నాను. తెలిసిపోతే బాగుండుననీ అనుకున్నాను. ఆమె నా వైపు చూడనేలేదు. 

“ఎవరో మా అసొంటి ఇంటి పిల్లనే అయ్యుంటది” అన్నది. “సాంచెలోళ్ల కష్టాలన్ని ఒక్కతీరే ఉంటయి గద.”

నేను అవునన్నాను. అన్నింటికంటే పెద్ద అబద్ధం అదేనేమో.

ఉద్యోగం నాకొచ్చింది. మమత కొన్నాళ్లకు సిరిసిల్ల వెళ్లిపోయింది, పెళ్లయి భైంసా చేరింది. నేను కంపెనీలో పైకి వచ్చాను. ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. పిల్లలు లోపలికి వచ్చి తమ కష్టాలు చెప్పుకుంటుంటే తల వంచుకుని కాగితాలు చూస్తుంటాను. 

ఈమధ్య మమత ఫోన్ చేసింది. తన ఆడబిడ్డకు ఇంటర్వ్యూ ఉందట. “నువ్వయితే మంచిగ చెప్తవు. జర దానికి చెప్పవే” అన్నది. ఫోన్లో చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. ఆదివారం బస్సెక్కి భైంసా వెళ్లాను.

మమత ఇంటి ముందు గదిలో కుట్టు మిషన్లు పెట్టుకుంది, స్కూలు పిల్లల బట్టలు కుడుతుంది. ఆడబిడ్డ హుషారైన పిల్ల. పత్తి మిల్లులో తూకం దగ్గర పనిచేసిందట. ఒకసారి కాంటా తేడా చూపిస్తోందని పట్టుకుని, యజమానితో గొడవపడి మరీ బాగుచేయించిందట. ఇంటర్వ్యూలో ఇదే చెప్పమన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“వద్దంటది మా వదిన. గివన్ని చెప్తే కూలి పనోళ్లనుకుంటరట, నవ్వుతరట.”

అవి నా మాటలే. ఒక్క అక్షరం మారలేదు. మమత వాటిని ఇన్నాళ్లూ మంచి సలహా అని దాచుకుని, తన ఇంటి పిల్లకు పెట్టింది. ఇంకెందరికి చెప్పిందో. 

ఆ పిల్ల ముందే చెప్పేశాను. ఆ మధ్యాహ్నం ఎందుకు వద్దన్నానో, లోపల ఏం చెప్పానో, చాయ్ బండి దగ్గర ఎందుకు అవునన్నానో, అంతా. ఎలాగైనా చెప్పి తీరాలనుకుని అన్న మాటలు కావు, వాటంతటవే వచ్చాయి. మమత చేతిలో కత్తెర ఉంది. సగం కోసిన బట్ట దగ్గర ఆగిపోయింది.

కత్తెర కింద పెట్టి అన్నది.

“అటెన్క ఎన్ని ఇంటర్వ్యూలకు పోయిన్నో. గా ముచ్చట మల్ల ఒక్కసారి గూడ నోట్లకెల్లి రాలే. నాదే నాకు అబద్ధం లెక్క అనిపించింది.”

ఉద్యోగం ఒక్కటే దోచుకున్నానని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

తప్పయిందన్నాను. ఆడబిడ్డ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మమత మళ్లీ కత్తెర అందుకుంటూ, “నువ్విగ పోవే. బస్ పోతది” అన్నది. కోపంగా అనలేదు. ప్రేమగానూ అనలేదు. నేను లేస్తుంటే ఆడబిడ్డ వైపు తిరిగి, “నీ కాంటా ముచ్చట నువ్వు చెప్పు. గట్టిగ చెప్పు” అన్నది.

ఉద్యోగం మానేశానా అంటే, లేదు. మానేస్తే మమతకు రాదు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అదీ నా స్వార్థమే కావచ్చు. ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. చేస్తుందని ఎదురుచూసే హక్కు నాకు లేదు.

కానీ ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నదే గుర్తు. నిర్మల్ ఎప్పుడు దాటామో తెలియదు. కండక్టర్ భుజం తట్టి, “కరీంనగర్ వచ్చింది, దిగవా అమ్మా?” అని అడిగేదాకా, నోరు తెరుచుకుని, ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత గాఢంగా, చిన్నపిల్లలా నిద్రపోయాను.