నసాజీ చదివిన భూచట్టం

నసాజీ లా కోర్సు రెండో ఏడాదిలోకి వచ్చిందో లేదో, మసాకా పట్నం పక్కన మా ఊళ్లో అందరూ ఆమెను లాయరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా తల్లి నకయీజా తలవంచుకుని ముసిముసిగా నవ్వేది. నవ్వదూ మరి! మొగుడు పోయాక పన్నెండేళ్లు ఎకరం అరటితోటలో ఒక్కతే నడుం విరగ్గొట్టుకుని పిల్లను అంతదాన్ని చేసింది.

ఆ తోట మొగుడు బతికున్న రోజుల్లో సొంత అన్న ముకీబి దగ్గరే కొన్నాడు. కాయితం మాత్రం లేదు. అన్నదమ్ముల మధ్య కాయితమేమిటి? నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి, కుండెడు అరటి కల్లు పోసి, హద్దుల వెంట మొక్కలు నాటితే అయిపోయినట్టే. ఆ నలుగురూ ఇప్పుడు లేరు. రాజధాని కంపాలా నుంచి కొనేవాడొకడు కారేసుకుని రాగానే ముకీబికి తోట తనదేనని గుర్తొచ్చింది. తమ్ముడి పెళ్లాం కదా అని ఉండనిచ్చాను, ఇక ఖాళీ చేయమన్నాడు.

నకయీజా బెదరలేదు, కోర్టులో కేసు వేసింది. కూతురికి ఫోన్ చేసి, మిగతా పాఠాలు ఎలా విన్నా ఆ భూమి పాఠం మాత్రం చెవులు రిక్కించి వినమంది.

నసాజీ అలాగే విన్నది. ఒకరి అనుమతి మీద నేలలో ఉన్నవాళ్లకు నూరేళ్లయినా హక్కు పుట్టదనీ, అలా ఉంటున్నామని స్వయంగా రాసిచ్చి ఉంటే ఇక చెప్పేదేముందనీ లెక్చరరమ్మ ఒక మంగళవారం చెప్పింది. నసాజీకి కాళ్ల కింద నేల కదిలినట్టయింది. అలాంటి ముక్క తనే రాసిచ్చింది.

ఈ కోర్సులో చేరడానికి నిరుపేదల స్కాలర్‌షిప్ కావాల్సి వచ్చింది. దరఖాస్తు మీద ఇంటి పెద్ద సంతకం పెట్టాలి, అంటే పెదనాన్నే. మా దగ్గర పెద్దవాళ్లను నిలబడి సాయమడగరు. మోకాళ్ల మీద కూర్చుని, మాకేమీ లేదు, అంతా మీదే అనాలి. అందుకే పద్దెనిమిదేళ్ల నసాజీ తల్లి చెప్పినట్టు గుండ్రటి అక్షరాలతో, మాకు గజం నేల లేదు, పెదనాన్నగారు దయతలచి ఇచ్చిన చోట తలదాచుకుంటున్నాం అని దరఖాస్తుకు జతగా ఉత్తరం రాసింది. ఆయన మురిసిపోయి సంతకం పెట్టాడు, కాపీ ఒకటి దాచుకున్నాడు. అది మర్యాద. మా ఊళ్లో ఎవరైనా అలాగే రాస్తారు. కోర్టుకేం తెలుసు మర్యాద, దాని మొహం!

మేజిస్ట్రేటు తోట చూడ్డానికి వచ్చే రోజు పొద్దున్నే నసాజీ ఇంటికి చేరి తల్లికి అంతా విప్పి చెప్పింది. ఉత్తరం నిజమంటే తోట పోతుంది. అబద్ధమంటే స్కాలర్‌షిప్ మోసం చేసి తీసుకున్నట్టు. కాలేజీ వెళ్లగొడుతుంది, ఈ జన్మకు లాయరు కావడం ఉండదు.

"అబద్ధమని చెప్పేస్తానమ్మా. చదువు పోతే పోనీ, నీ తోట నీకుంటుంది," అంది.

నకయీజా పచ్చరటికాయలు చెక్కు తీస్తూనే ఉంది. ముందు తిను, తర్వాత చూద్దాం అంది.

మధ్యాహ్నానికి తోటలో ఊరంతా చేరింది. ముకీబి ఉత్తరం బయటికి తీశాడు. ఎవరి చేతిరాత అని మేజిస్ట్రేటు అడిగితే, నాదేనని నసాజీ ఒప్పుకుంది.

"ఇందులో ఉన్నది నిజమేనా?"

నసాజీ నోరు తెరిచేలోగా తల్లి ఆకుల మీద మోకరిల్లింది.

"దాన్నేం అడుగుతారయ్యా? నేనే చెప్పి రాయించాను. అంతా నిజమే. తోట బావగారిదే."

ముకీబి సైతం ఉలిక్కిపడ్డాడు, ఆ తర్వాత తలెత్తలేదు. నసాజీ అమ్మా వద్దని తల్లి భుజం పట్టుకుని లేపబోయింది. మీ అమ్మాయి ఏదో చెప్పాలనుకుంటోందే అన్నాడు మేజిస్ట్రేటు.

"చిన్నపిల్లయ్యా. దానికింకా చదువు పూర్తి కాలేదు," అంది నకయీజా.

ఆ మాటతో నసాజీ పట్టుకున్న భుజం వదిలేసింది. ఆ ఒక్క నిమిషంలో నోరు పెగల్లేదే అని ఆ పిల్ల ఈనాటికీ కుమిలిపోతుంది. తల్లి జవాబును గుమాస్తా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు.

మర్నాడు కూతురు కాలేజీకి బయల్దేరుతుంటే, నకయీజా ముకీబి ఇంటికి వెళ్లి గుమ్మం ముందు మోకరిల్లింది.

"బావగారూ, పిల్ల ఊరెళ్తోంది. మీ తోటలో ఒక్క గెల కోసుకోనా?"

కోసుకోమన్నాడు ముకీబి, లోపలి నుంచే. తను నాటిన చెట్టుకే వెళ్లి నకయీజా గెల కోసి, ఆకులు చుట్టి బస్సెక్కించింది. హాస్టల్లో నసాజీ వారం రోజులు అదే వండుకుంది. ఒక్క కాయ కూడా పారేయకుండా తిన్నది.