అత్త ఇచ్చిన చిలకపచ్చ బిట్టు

కోయంబత్తూరులో మా తెలుగువాళ్ల ఇళ్లకు పేరంటానికి వెళ్తే తాంబూలంతో పాటు ఒక జాకెట్టు బిట్టు ఇస్తారు. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. బీరువాలో దాచి, ఇంటికి వచ్చిన ఇంకొకరికి ఇస్తారు. ఎవరిచ్చింది వాళ్లకే తిరిగి ఇవ్వకూడదు, అదొక్కటే నియమం. జాకెట్టుగా మారిన జాకెట్టు బిట్టును నేనింతవరకు చూడలేదు.

అమ్మ మాత్రం మిగిలిపోయిన బిట్లను మడతలు పెట్టి, మధ్యలో పాత తువ్వాలు ముక్క వేసి, మిషను మీద మసిగుడ్డలు కుడుతుంది. మేకుకు తగిలించడానికి మూలన ఒక తాడు కూడా పెడుతుంది.

మొన్న కారమడై నుంచి మా పెద్దత్త వచ్చింది. అమ్మ పాలగిన్నె దించుతుంటే అత్త చూపు మసిగుడ్డ మీద పడింది. చిలకపచ్చ మీద వంకాయరంగు చుక్కలు. అలాంటి గుడ్డ అత్త తప్ప ఎవరూ కొనరు.

"ఇది నేనిచ్చిన బిట్టు కదా? మంచి గుడ్డను ఏల ఇట్ల చేస్తివి?"

"గట్టి గుడ్డ వదినా, చెయ్యే కాలదు," అంది అమ్మ.

అమ్మ మెచ్చుకునే అంది. అత్తకు అలా వినిపించలేదు. కాఫీ అయ్యేదాకా తమిళంలోనే మాట్లాడింది. మా ఇళ్లలో కోపానికి తమిళమే వాడతాం.

వెళ్లేటప్పుడు అమ్మ ఆమెకు బొట్టు పెట్టి, బీరువాలో పైనున్న బిట్టు తీసి తాంబూలంలో పెట్టి ఇచ్చింది. అత్త దాన్ని విప్పి వెలుతురులో చూసింది.

"ఇదీ నేనిచ్చిందే," అంది, తెలుగులో.

అమ్మ తడుముకోలేదు.

"అందుకే వదినా, నేను కుట్టేసేది."